పేపర్లో పడని పొలం

“మీ పొలం సంగతి పేపర్లో వస్తుంది పెద్దమ్మగారూ” అని ఆ అమ్మాయి అన్న రోజు నుంచి నేను పేపరు మొత్తం చదవడం మొదలుపెట్టాను. అంతకుముందు నా చదువు పెద్దక్షరాల వరకే. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక, బడి వరండాలో సాయంత్రంపూట పెద్దవాళ్లకి చెప్పిన తరగతిలో. బస్సు మీద అద్దంకి అన్న బోర్డు కూడబలుక్కోవడానికి, ద కింద ద, పక్కన సున్న, ఆ పక్కన కి, నాకు ఒక వేసవి పట్టింది. మా నాన్న దూది ఏకేవాడు. మా ఇంట్లో అచ్చు కాగితమంటే కొట్టువాడు బెల్లం చుట్టి ఇచ్చిన ముక్కే. అలాంటి ఇంట్లో పుట్టినదానికి, మా చేను అచ్చులో పడుతుంది, దాన్ని నేనే చదువుకుంటాను అన్నది చిన్న మాట కాదు.

ఇది కోపంతో రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామని చాలాకాలం ఆగాను. తగ్గలేదు.

ఆ అమ్మాయి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తుంది. కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి వేటకి పోతాడు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఈమే. ఒక వానాకాలం చివర్లో స్కూటీ మీద మా ఊరొచ్చింది. ఊళ్లో మిరప వేసినవాళ్లందరినీ అడిగి, అందరిచేతా లేదనిపించుకుని, మా గుమ్మం ముందు ఆగింది.

“మీ చేలో నాకు కొంచెం చోటు కావాలండీ” అంది.

“చోటెందుకు, ఇల్లు కట్టుకుంటావా?” అన్నాడు మా ఆయన.

“తామర పురుగు మీద కొత్త మందు పరీక్ష చేస్తున్నామండీ. కొన్ని సాళ్లిస్తే చాలు.”

తామర పురుగు అనేసరికి మా ఆయన ఎగతాళి ఆపాడు. ముందటేడు ఆ పురుగే మా పూతంతా నాకేసింది. నలుసంత ఉంటుంది. పూవు విప్పి చూస్తే లోపల నల్లగా పాకుతుంటాయి. ఆకు పైకి ముడుచుకుని దొప్పలాగా అవుతుంది. ఏం కొట్టినా చావదు. ఈ అమ్మాయి తెచ్చింది పురుగు మీద బూజు పట్టించి చంపే పొడి. నీళ్లలో కలిపి కొట్టాలి. విషం కాదు, చేతికి అంటినా ఏమీ కాదు. వినడానికి బాగుంది. సరేనన్నాం.

సరేననడం తేలిక. తర్వాత ఏం చెయ్యాలో విన్నాక మా ఆయన నావైపు అదోలా చూశాడు. ఎర్ర రిబ్బను కట్టిన సాళ్లకి బూజు మందు. తెల్ల రిబ్బను సాళ్లకి ఉత్త నీళ్లు. ఆ రెండింటి మీదా మా మందులేవీ ఒక్క చుక్క పడకూడదు. పక్క సాళ్లలో కొట్టేటప్పుడు గాలి అటు తోలుతుంటే పని ఆపుకోవాలి. ఆపుకున్నాం. ఆ అమ్మాయి పొద్దున్నే వచ్చేది. కొమ్మ కింద తెల్ల అట్ట పట్టి, కొమ్మని వేలితో తట్టి, అట్ట మీద రాలిన పురుగుల్ని లెక్కపెట్టి రాసుకునేది. ఎండెక్కాక మా ఇంట్లో గోంగూర పచ్చడేసుకుని అన్నం తిని పోయేది. పచ్చడికి కళ్లలో నీళ్లు కారేవి. అయినా మారడిగేది.

పంట సగానికొచ్చేసరికి తేలిపోయింది. ఎర్ర రిబ్బనూ తెల్ల రిబ్బనూ ఒకే తీరుగా ముడుచుకున్నాయి. దూరం నుంచి చూస్తే మా చేలో ఆ తుండు మీద ఎవరో వేడినీళ్లు పోసినట్టుంది. దారిన పోయేవాళ్లు ఆగి, “ఏంది, ఇది కూడా చదువేనా?” అని అడిగి మరీ పోయేవారు.

“ఫలితం రాలేదండీ” అంది ఆ అమ్మాయి. గట్టు మీద కూలబడింది.

“పోనీలే అమ్మాయ్. పొలమన్నాక ఒకేడు వచ్చిద్ది, ఒకేడు పోయిద్ది.”

“అది కాదండీ. కాలువ కింద చేలల్లో బాగా పనిచేసింది. ఈ బూజు బతకాలంటే గాలిలో తడుండాలి. అక్కడ బాగా పొద్దెక్కేదాకా ఆకుల మీద మంచుంటుంది. మీది మెట్ట. పొద్దు పొడిచిన కాసేపటికే ఆరిపోతుంది.” చెబుతూ చెబుతూ తనే లేచి నిలబడింది. “అంటే ఇది తెలియడం కూడా మంచిదే కదండీ. ఎక్కడ పనిచెయ్యదో తెలిసింది. ఇది కూడా రాస్తాను. పేపర్లో వస్తుంది.”

అదీ ఆ మాట పుట్టిన చోటు. ఆమె పేపర్ అంది. నేను పేపరనుకున్నాను.

మా ఊరి టీకొట్టుకి పొద్దున్నే పేపరొస్తుంది. మగవాళ్ల మధ్య కూర్చుని పేపరు చదివే ఆడదాన్ని నేనొక్కదాన్నే. మొదట్లో జరిగేవాళ్లు, తర్వాత అలవాటైంది. జిల్లా పేజీ ముందు చదివేదాన్ని. తర్వాత రైతుల పేజీ. అక్కడా లేకపోతే, పొరపాటున ఎక్కడ వేశారోనని పెళ్లిసంబంధాలూ టెండర్లూ కూడా వదల్లేదు. నా చదువు బాగుపడిందంటే ఆ నెలల్లోనే. ఉప ఎన్నిక, ధ్రువీకరణ, అభ్యంతరం లాంటి మాటలు కూడబలుక్కోకుండా చదవడం అక్కడే నేర్చుకున్నాను.

“పడిందా పెద్దమ్మా, మీ చేను?” అని టీకొట్టాయన రోజూ అడిగేవాడు.

“ఇయ్యాళ లేదు.”

“రేపు పడుద్దిలే. మంచి ఫొటో ఇచ్చావా?”

పంట అయిపోయింది. ఎండలొచ్చాయి. మళ్లీ నారు పోశాం. నా చేను పడలేదు. నాకు అనుమానం మొదలైంది. మందుల కంపెనీవాళ్లు ఎవరో డబ్బిచ్చి ఆపించి ఉంటారు. ఒకరోజు మా వైపు వార్తలు రాసే విలేకరి టీకొట్టు దగ్గర బండి ఆపాడు. నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

“ఏమయ్యా, ఎంత తిన్నావు?”

“ఇంకా తినలేదు పెద్దమ్మా, ఇప్పుడేగా వచ్చింది. గారెలున్నాయంటగా.”

“గారెలు కాదయ్యా. నా చేను పేపర్లో పడకుండా ఎవరి దగ్గర ఎంత తిన్నావు?”

విషయం విన్నాడు. నవ్వి నవ్వి గ్లాసులో టీ చొక్కా మీద పోసుకున్నాడు. “పెద్దమ్మా, వాళ్లనే పేపరు ఇది కాదే. అది వేరు. సార్లు సార్ల కోసం రాసుకునేది. ఇంగ్లీషులో ఉంటది.”

“అది ఏ కొట్టుకొస్తది?”

“ఏ కొట్టుకీ రాదు. నేను చూద్దామన్నా నాకూ దొరకదు.”

టీకొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను, తప్పేదేముంది. ఇంటికొస్తే మా ఆయన అప్పటికే విన్నాడు. ఆ రోజు నుంచి నేను పేపరు చేతికి తీసుకుంటే చాలు, “మేడంగారిది ఇంగ్లీషు పేపరు, మన తెలుగుది ఆమెకెందుకు” అనేవాడు. నా తప్పు నేనొప్పుకుంటాను. మాట ఒకటే అయినా పేపర్లు రెండని నాకు తెలియదు. కానీ ఒకటి అడుగుతాను. సామాన్యుడి చేతికి రాని దానికి సామాన్యుడికి తెలిసిన పేరే ఎందుకు పెట్టుకున్నారు?

నవ్వులాట అక్కడితో ఆగేది. మా చెల్లెలు లేకపోతే.

మా చెల్లెలిది పక్క ఊరే. మొగుడు పోయాడు. అద్దంకి పోయే దారిలో మెట్ట భూమి కౌలుకి తీసుకుని మిరప వేసింది. అక్షరం రాదు, నేర్చుకోమంటే వినదు. కార్తీకం ముందు ఒకనాడు మా ఇంటికొచ్చి సంచిలోంచి నిగనిగలాడే రంగు కాగితం తీసింది. మందుల కొట్టులో ఇచ్చారట.

“చదువక్కా. తామర పురుగుకి కొత్త మందంట.”

చదివాను. పైన ఎర్రగా విరగకాసిన చేను బొమ్మ. కింద పెద్దక్షరాలు. విశ్వవిద్యాలయ పరిశోధనలో రుజువైంది. మిరపలో తామర పురుగుకి ఇదొక్కటే చాలు. వేరే మందులు కొట్టరాదు, కొడితే బూజు చస్తుంది. ఇంకా కింద, ఏ మందో, ఎలా కలపాలో. అదే బూజు మందు. అదే పొడి.

“ఇది మనకి పనిచెయ్యదే. మా చేలో చూశాం కదా, ఆ రిబ్బన్ల సాళ్లు నువ్వూ చూసి నవ్వావు కదా.”

“అది మీ చేను.”

“మీదీ మెట్టే. గాలిలో తడి లేదని ఆ అమ్మాయే చెప్పింది.”

మా చెల్లెలు నన్ను తేరిపార చూసింది. “నీది నోటిమాట అక్కా. ఇది అచ్చు. నోటిమాట నమ్మి మోసపోవద్దు, అచ్చులో ఏముందో చూడమని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నువ్వేగా, చదువు నేర్చిన కాడ్నుంచి? చూపించాను. ఇప్పుడు కాదంటావేంది?”

అది అన్నదాంట్లో తప్పు లేదు. కౌలు భూమి, ఒంటరి మనిషి, ఉన్నదంతా ఆ చేలో పోసింది. ఒక్క మందుతో పోతుందంటే ఎవరికి చేదు? దాని అచ్చుకి ఎదురుగా పెట్టడానికి నా దగ్గరా ఒక అచ్చు ఉండాలి. ఉంది కదా, ఆ అమ్మాయి రాస్తానంది కదా. ఇంగ్లీషైతే ఏం, చదివించుకుంటాను. మర్నాడే బస్సెక్కాను.

విశ్వవిద్యాలయంలో ఆ అమ్మాయిని పట్టుకోవడానికి మధ్యాహ్నమైంది. నన్ను చూసి సంతోషంగా ఎదురొచ్చింది. నేను కూర్చోకముందే అడిగాను.

“నీ పేపరు వచ్చిందా?”

“వచ్చిందండీ. వేసవిలోనే.”

“చూపించు.”

కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. ఏదో నొక్కింది. ఆమె పేరు కనబడింది, పక్కన వాళ్ల పెద్దసారు పేరు. ఇంగ్లీషులో రెండు అక్షరాలు నాకూ తెలుసు, ఆమె చూపిస్తే పోల్చుకున్నాను. లోపలికి పోదామంటే అడ్డంగా చిన్న తాళం బొమ్మ. డబ్బు కడితే తెరుస్తారట.

“నీదేగా ఇది?”

“నాదేనండీ.”

“నువ్వు రాసింది నువ్వు చదవాలంటే డబ్బు కట్టాలా?”

“మా లైబ్రరీ ఇంతకుముందు కట్టేదండీ. ఈ యేడు మానేశారు.”

అప్పుడు ఆ అమ్మాయి చెప్పిన వ్యవహారం విని, నేను తప్పుగా విన్నానేమోనని మళ్లీ చెప్పించుకున్నాను. రాసినవాళ్లకి పైసా రాదు. రాసింది సరిగ్గా ఉందా లేదా అని చదివి చెప్పే వేరే ఊళ్ల సార్లకీ రాదు. వాళ్ల జీతం ప్రభుత్వానిది. ఆ పురుగుల్ని లెక్కపెట్టిన ఖర్చు ప్రభుత్వానిది. చేను నాది. అచ్చువాడు మాత్రం అందరి దగ్గరా సరుకు ఊరికే తీసుకుని, తాళం వేసి, మళ్లీ అదే అందరికీ అమ్ముతాడు. తాళం లేకుండా అందరికీ పెట్టవయ్యా అంటే పెడతాడట, దానికి రాసినవాళ్లే ఎదురు కట్టాలి. నేను మిరప యార్డులో దళారుల్ని చూశాను, తూకంలో చెయ్యి పెట్టేవాళ్లని చూశాను. వాళ్లు కూడా రైతు చేతే కాయ తెప్పించుకుని రైతుకే అమ్మరు.

ఆ అమ్మాయి తన దగ్గర దాచుకున్న ప్రతి తెరిచి తెలుగులో చెబుతూ వచ్చింది. కాలువ కింద చేలు వచ్చాయి. పురుగు ఎంత తగ్గిందో వచ్చింది. గీతలు, పట్టీలు. నేను ఆగి ఆగి అడిగాను.

“మా చేను ఏది?”

ఆమె తెర మీద పట్టీలు కిందికి జరుపుతూ పోయింది.

“మా పేర్లు లేకపోతే పోనీ...”

“పేర్లు ఎవరివీ ఉండవండీ. చేనే లేదు.”

“లేకపోవడమేంటి? పంటకాలమంతా వచ్చావు. మా ఇంట్లో తిన్నావు.”

“తిన్నానండీ. రాశాను కూడా. ముందు రాసిన దాంట్లో మీ చేను ఉంది. అచ్చువాళ్లు తిప్పి పంపారు. ఒక చోట పనిచేసి ఒక చోట చెయ్యకపోతే కథ సరిగ్గా లేదన్నారు. సార్ మీ చేను తీసేసి ఇంకోచోటికి పంపారు. వాళ్లు వేసుకున్నారు.”

కథ అట. మా ఎర్ర రిబ్బన్లూ తెల్ల రిబ్బన్లూ వాళ్లకి కథ.

నేను లేచాను. “మీ సారు ఎక్కడ?”

ఆమె వద్దని చెయ్యి పట్టుకుంది. అయినా నడిచాను, ఆమె వెనకే వచ్చింది. పెద్దసారు చెడ్డవాడిలా లేడు. కుర్చీ చూపించాడు, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. నేను ఎవరినో చెప్పాను. మా చెల్లెలి సంగతీ, రంగు కాగితం సంగతీ చెప్పాను.

“ఇదొక్కటే చాలని మేం రాయలేదమ్మా. అది కంపెనీవాళ్లు చేర్చుకున్నారు” అన్నాడు.

“చాలదని కూడా రాయలేదుగా సార్.”

నాకు చదువు భాష రాదు. వచ్చిన భాషలోనే అడిగాను.

“సార్, మా కళ్లంలో కాయ ఎండాక తాలు ఏరతాం. తెల్లమచ్చ పడ్డది, రంగు లేనిది, లోపల గింజ లేనిది. దాన్ని పారెయ్యం. మంచికాయలో కలపం. కలిపితే యార్డులో దొంగంటారు. విడిగా పోసి, విడిగా బస్తా కట్టి, మంచికాయ పక్కనే పెడతాం. కొనేవాడు రెండూ చూసుకుంటాడు. ఈ చేలో ఎంత తాలు పడిందో చూస్తేగా ఆ ఏడు పంటేంటో తెలిసేది. మీరు ఏరిన తాలు ఎక్కడ పోశారు?”

పెద్దసారు నవ్వాడు. వెటకారంగా కాదు, అలిసిపోయినట్టు నవ్వాడు. “అమ్మా, మీ తాలుకి యార్డులో కొనేవాడున్నాడు. నా తాలు ఎవడు కొంటాడు? నాకు ప్రమోషన్ ఇచ్చేవాడు ఎన్ని పేపర్లు వేశావని అడుగుతాడు. ఏ పత్రికలో వేశావని అడుగుతాడు. పనిచెయ్యని మందు గురించి ఎంత బాగా రాశావని ఇంతవరకూ నన్ను ఎవరూ అడగలేదు. ఈ అమ్మాయికి రేపు ఉద్యోగమిచ్చేవాడూ అడగడు.”

టీ చల్లారిపోయింది, తాగి బయటికొచ్చాను.

వరండాలో ఆ అమ్మాయి గోడకానుకుని నిలబడింది. “పెద్దమ్మగారూ, తాళం లేని చోట్లు కూడా ఉన్నాయండీ ఇప్పుడు. లెక్కలు, ఫొటోలు అన్నీ పెట్టెయ్యొచ్చు. డబ్బు అడగరు. ఎవరైనా తెరుచుకోవచ్చు, ఏ ఊరివాళ్లైనా.”

“మరి పెట్టవే?”

“సార్ ఒప్పుకోవాలి. నా పరిశోధన పుస్తకం మీద ఆయన సంతకం ఇంకా పడాలి.”

నా చెల్లెలి చేను కోసం ఈ పిల్ల బతుకు మీదికి తేవడానికి నేనెవరిని? పోతానమ్మా అన్నాను. ఆమె చున్నీ సర్దుకుని సారు గదిలోకి పోయింది. తలుపు సందులోంచి ఆమె గొంతు వినబడింది, మాటలు వినబడలేదు. ఆయన గొంతు ఒకసారి పెద్దదైంది. చాలాసేపటికి బయటికొచ్చింది.

“పెట్టుకోమన్నారు. తన పేరు మాత్రం వద్దన్నారు.”

మంచికాయ మీద ఇద్దరి పేర్లు. తాలు మీద ఆ పిల్ల ఒక్కదాని పేరు. నాకు మళ్లీ లోపలికి పోవాలనిపించింది. ఆమె పోనివ్వలేదు.

“ముందు తెలుగులో ఒక కాగితం రాసివ్వు. మా చెల్లెలికి” అన్నాను.

మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేసింది. మొదట రాసింది చదివాను. ప్రయోగ, నియంత్రణ వరుసల మధ్య కీటక సాంద్రతలో గణనీయ వ్యత్యాసం గమనించబడలేదు.

“ఇది తెలుగేనా అమ్మాయ్?”

“తెలుగేనండీ. పుస్తకాల్లో ఇలాగే...”

“మా చెల్లెలు పుస్తకం కాదు.”

ఆమెకి నవ్వొచ్చింది. కొట్టేసి మళ్లీ రాసింది. మెట్ట పొలంలో ఈ మందు కొట్టిన సాళ్లలోనూ, కొట్టని సాళ్లలోనూ పురుగు ఒకే తీరుగా ఉంది. గాలిలో తడి లేకపోవడమే కారణమని అనుకుంటున్నాం. మెట్టలో దీనినొక్కదాన్నే నమ్ముకోవద్దు. కింద తన పేరు, ఫోన్ నంబరు, లెక్కలన్నీ తాళం లేకుండా ఎక్కడ దొరుకుతాయో ఆ చిరునామా. ఆ చిరునామా ముందు రాసి, లెక్కలు ఆ వారంలోనే పెట్టేసింది.

తిరుగు బస్సులో చిలకలూరిపేట దాటాక పెద్దసారుకి చెప్పాల్సిన జవాబు తోచింది. నా తాలు ఎవడు కొంటాడని అడిగాడు కదా. మా చెల్లెలు కొనేది సార్. వేసవిలోనే కొనేది, మందు కొనక ముందే. మీరు అమ్మకానికి పెట్టలేదు.

కాగితం నాకు చూపించేనాటికే మా చెల్లెలు ఒక తడవ బూజు మందు కొట్టి ఉందట. నేను తిరిగొచ్చేసరికి రెండో తడవ కూడా అయింది. పూతలో పురుగు కనబడుతూనే ఉంది. వేరే మందు కొడితే బూజు చస్తుందని రంగు కాగితంలో రాసి ఉంది కాబట్టి చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంది. నేనిచ్చిన కాగితం అటూ ఇటూ తిప్పింది.

“దీనికి బొమ్మ లేదేంది?”

“పోయిన పంటకి బొమ్మెవరు వేస్తారే.”

నేను చదివితే నమ్మలేదు. టీకొట్టాయన చేత చదివించుకుంది. అదీ చాలక మందుల కొట్టుకి తీసుకుపోయి కొట్టువాడి చేతే చదివించింది. నేను వెనకే ఉన్నాను.

“దీని మీద స్టాంపు లేదమ్మా. ఇది నమ్మడానికి లేదు” అన్నాడు అతను.

“నీ దాని మీదుందా?” అంది మా చెల్లెలు.

అతను తన రంగు కాగితం తిప్పి చూసుకున్నాడు.

“ఆ పిల్ల ఫోన్ నంబరేసింది. నీ దాంట్లో ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు?”

అక్కడే ఫోన్ చేయించింది. ఆ అమ్మాయి ఎత్తింది. ఇద్దరూ చేను గురించి, గాలి గురించి, పొద్దున ఆకు తడి గురించి చాలాసేపు మాట్లాడారు. మర్నాడు మా చెల్లెలు ఆ పొడి డబ్బాలు పక్కన పెట్టేసి, చుట్టుపక్కల మెట్ట రైతులు చేసేవే మొదలుపెట్టింది. పురుగు అంటుకునే జిగురు అట్టలు కట్టింది. ముడత మరీ ముదిరిన మొక్కలు పీకేసింది. గట్టుకి దగ్గరున్న సగం చేను నిలబడింది. రెండో సగం నిలబడలేదు.

సగం దక్కింది కదా అని సంతోషపడమంటారు మా ఆయనతో సహా అందరూ. నేను పోయిన సగం దగ్గరే ఆగిపోయాను. అది పురుగు తిన్న సగం కాదు. ఎవరి కంప్యూటరులోనో తెలిసి, అచ్చులోకి రానివ్వకుండా పడి ఉన్న మాట తిన్న సగం. మా చేలో ఆ మందు పనిచెయ్యదని ముందటేడే ఆ పిల్లకి తెలుసు, పెద్దసారుకి తెలుసు, ఆ పేపరు వెనక్కి తిప్పిన అచ్చువాళ్లకి తెలుసు. అచ్చులో చూపించనిది కౌలు కట్టిన మనిషికొక్కదానికే. ఇలా ఎన్ని ఊళ్లలో ఎన్ని చేలు కథ బాగుండటం కోసం పేపర్లోంచి తీసేశారో, ఆ చేల పక్కన ఎంతమంది అదే మందు మళ్లీ కొట్టుకున్నారో చెప్పేవాడు లేడు.

ఆ విలేకరి ఈ మధ్య మళ్లీ వచ్చాడు. “పెద్దమ్మా, ఇప్పుడు రాస్తానులే నీ చేను సంగతి, జిల్లా పేజీలో వేయిస్తా” అన్నాడు. వెయ్యమన్నాను. కానీ నాకు కావాల్సింది అది కాదు. ఆ ఇంగ్లీషు పేపర్లోంచి తీసేశారు, ఆ పేపర్లోనే పడాలి. ఆ అమ్మాయి అచ్చువాళ్లకి రాసింది, వదిలేసిన చేను లెక్క కూడా కలపమని. జవాబు రాలేదు. ఆమె పుస్తకం మీద పెద్దసారు సంతకమూ ఇంకా పడలేదు. ఆలస్యానికి కారణం మా చేనేనా అంటే ఆమె చెప్పదు. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు ఆ రెండూ అడుగుతాను, తర్వాతే బాగున్నావా అని.

మొన్న మా చెల్లెలి కళ్లంలో కాయ ఏరాం. ఆ అమ్మాయి కూడా వచ్చింది, ముక్కుకి చున్నీ కట్టుకుని, తుమ్ముతూ, మాతో పాటే కూర్చుని తాలు ఏరింది. ఈ ఏడు తాలు కుప్ప మంచికాయ కుప్పతో పోటీ పడుతోంది. సాయంత్రానికి బస్తాలు కుట్టారు. ఏ బస్తా ఏదో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, ఎప్పుడూ ఎవరూ రాయరు. మా చెల్లెలు రంగు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

“ఆ బస్తాల మీద తాలని రాయక్కా.”

“ఎందుకే, చూస్తే తెలియట్లా?”

“తెలిసినా రాయి. పెద్దక్షరాలేసి రాయి” అంది. “దూరం నుంచి కూడా కనబడాలి.”

త కి దీర్ఘం, ల కి కొమ్ము. అక్షరం చెడలేదు. మా చెల్లెలు పక్కన నిలబడి ఆ రెండక్షరాలు వేలితో దిద్దింది.